సెంటర్ కట్టేముందు ఒక శాంపిల్ తిప్పి చూడండి

ఈమధ్య ఒక ప్రపోజల్ చదివి అభిప్రాయం చెప్పమని నాకు పంపారు. కొన్ని యూనివర్సిటీలు కలిసి నానో టెక్నాలజీ, స్మార్ట్ మెటీరియల్స్ (వేడికి, ఒత్తిడికి స్పందించే పదార్థాలు) మీద ఉమ్మడి పరిశోధన కేంద్రం పెట్టాలనుకుంటున్నాయి. రాసినవాళ్లు పని తెలిసినవాళ్లే. భవనం ప్లాను ఉంది, డైరెక్టర్ పదవి ఉంది, సలహా మండలి ఉంది, కొనబోయే పరికరాల జాబితా పేజీలకు పేజీలు ఉంది. ఎవరు ఏ విభాగం చూసుకుంటారో చూపించే రంగురంగుల బొమ్మ కూడా ఉంది. చివరిదాకా చదివినా నేను వెతికిన రెండు సంగతులు మాత్రం దొరకలేదు. ఒక ల్యాబ్‌లో తయారైన పదార్థం ఇంకో ల్యాబ్‌కి ఎలా వెళ్తుంది, దాని వెంట ఏ సమాచారం వెళ్తుంది అన్నది మొదటిది. కొన్న మైక్రోస్కోప్‌ని నాలుగో ఏడు ఎవరు నడుపుతారు అన్నది రెండోది.

ఇవి చిన్న విషయాలు, డబ్బు శాంక్షన్ అయ్యాక చూసుకోవచ్చు అనేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం యూనివర్సిటీల మధ్య ఉమ్మడి పరిశోధన నిలబడేదీ పడేదీ ఈ రెండింటి మీదేననిపిస్తుంది. కనీసం ఈ రంగంలో. గణితంలో ఇద్దరు కలిసి పని చేయాలంటే ఉత్తరాలు చాలు. సిద్ధాంత భౌతికంలోనూ అంతే. నానో పదార్థాల దగ్గర అలా కుదరదు. ఇక్కడ చేతులు మారేది ఆలోచన ఒక్కటే కాదు, ఒక సీసా, ఒక పొర, ఒక తీగ. అది చేతులు మారే దారిలో ఏం పోతుందో, ఏం చేరుతుందో తెలియకపోతే రెండు ల్యాబులూ రెండు వేర్వేరు పదార్థాల గురించి మాట్లాడుకుంటూ, ఒకదాని గురించే మాట్లాడుతున్నామనుకుంటాయి.

ఒకే రేణువు, ఎన్ని సైజులు?

ఈ రంగంలో అన్నిటికన్నా తేలిగ్గా కనిపించే ప్రశ్నే అన్నిటికన్నా తిప్పలు పెడుతుంది. ఈ రేణువు సైజు ఎంత?

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, ల్యాబులు తమ పరికరాలను సరిచూసుకోవడానికి మూడు రకాల బంగారు నానో రేణువులను తయారుచేసి ఇచ్చింది. పేరుకి అవి 10, 30, 60 నానోమీటర్లవి (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు). వాటిలో 30 నానోమీటర్ల సీసాతో వచ్చే రిపోర్టు తీసి చూస్తే అందులో ఒక సైజు ఉండదు, ఒక పట్టిక ఉంటుంది. ఏఎఫ్‌ఎమ్‌తో (సన్నటి మొనతో తడిమి చూసే మైక్రోస్కోప్) కొలిస్తే 25కి దగ్గరగా, టీఈఎమ్‌తో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) 27 దాటి, డీఎల్‌ఎస్‌తో (కాంతి చెదిరే తీరు చూసే పరికరం) ఒక కోణంలో 28 దాటి. కొలిచినవాళ్లు ఆ పనిలో ఆరితేరినవాళ్లు, రేణువులు అవే. అయినా అంకెలు వేరు, ఎందుకంటే ఒక్కో పరికరం చూసేది ఒక్కోటి. టీఈఎమ్ ఎలక్ట్రాన్లకు అడ్డుపడే లోహాన్ని చూస్తుంది. డీఎల్‌ఎస్ నీళ్లలో రేణువు ఎంత వేగంగా కదులుతోందో చూసి సైజు లెక్క కడుతుంది, కాబట్టి రేణువుకి అంటుకున్న పైపూతా దాంతో పాటు కదిలే నీటి పొరా ఆ లెక్కలోకి వచ్చేస్తాయి. దానికి తోడు ఇంత చిన్న రేణువులు చెదరగొట్టే కాంతి వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. 60 నానోమీటర్ల రేణువు ఒక్కటి, 30 నానోమీటర్ల రేణువు కన్నా 64 రెట్లు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది. సీసాలో కొద్ది రేణువులు ముద్దకట్టినా చాలు, మిగతావన్నీ ఆ వెలుగులో కనిపించకుండా పోతాయి.

ఇంత శ్రద్ధగా చేసిన చోటే అంకెలు ఇలా ఉంటే, మామూలు ల్యాబుల సంగతి చెప్పక్కర్లేదు. ఒక యూనివర్సిటీ తన రేణువులు 20 నానోమీటర్లని రాసి పంపుతుంది. అందుకున్న యూనివర్సిటీ కొలిచి 45 అంటుంది. ఇద్దరూ సరిగ్గానే కొలిచి ఉండొచ్చు. కానీ అక్కడి నుంచి మర్యాదగా రాసిన ఈమెయిళ్ల కింద అనుమానం మొదలవుతుంది. వీళ్లకి తయారుచేయడం రాదని వాళ్లు, వాళ్లకి కొలవడం రాదని వీళ్లు. ఆ అనుమానం పైకి రాదు, అందుకే పోదు కూడా. చాలా ఒప్పందాలు ఎవరూ రద్దు చేయకుండానే ఆగిపోవడం వెనక ఉన్నది ఇదేనని నా నమ్మకం.

దీనికి మందు కొత్తదేమీ కాదు. 1982లో వెర్సాయ్‌లో జరిగిన జీ7 సమావేశం నుంచి వామస్ అనే ఏర్పాటు పుట్టింది. కొత్త పదార్థాల విషయంలో ఒకే శాంపిల్‌ని వేర్వేరు దేశాల ల్యాబులకు పంపి, అందరూ కొలిచిన ఫలితాలను పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ వస్తోందో వెతకడం దాని పని. దీన్నే రౌండ్ రాబిన్ అంటారు. పద్ధతి ఒకటే ఉండేలా చూసుకుంటే, ద్రావణాన్ని ఎంతసేపు కలపాలి, ఎంత పలచన చేయాలి లాంటివి కూడా రాసి పెట్టుకుంటే, మొదట దూరంగా ఉన్న అంకెలు దగ్గరికి వస్తాయి.

ఇది చేయకపోతే ఏమవుతుందో చూడాలంటే గ్రాఫీన్ ఉంది, అంటే ఒక అణువు మందమే ఉండే కార్బన్ పొర. 2004లో గ్రాఫీన్ మీద పరిశోధన పత్రం వచ్చాక ప్రపంచమంతా దాని వెంట పడింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2017లో గ్రాఫీన్ అంటే ఏమిటో, ఎన్ని పొరల వరకు ఆ మాట వాడొచ్చో నిర్వచనం ఇచ్చింది. పది పొరలు దాటితే అది గ్రాఫైటే. 2018లో ఒక పరిశోధక బృందం 60 కంపెనీల నుంచి గ్రాఫీన్ పేరుతో అమ్ముతున్న పొడులు తెప్పించి పరీక్షించింది. చాలావాటిలో గ్రాఫీన్ 10 శాతం కూడా లేదు, మిగతాదంతా సన్నగా నలిగిన గ్రాఫైట్. ఆ పొడులు కొని ఎన్ని ల్యాబులు ఎన్ని పేపర్లు రాసి ఉంటాయో ఆలోచిస్తే బాధేస్తుంది. ఎవరో ఒక విద్యార్థి మూడేళ్లు కష్టపడి, గ్రాఫీన్ కలిపినా తన కాంపోజిట్ (మిశ్రమ పదార్థం) ఎందుకు బలపడడం లేదో తెలియక నిద్రలేకుండా గడిపి ఉంటాడు.

రెండో విడత

నేను దగ్గరగా చూసిన ఒక సంగతి చెప్తాను. ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్ పీవీడీఎఫ్ అనే పాలిమర్‌ని ఎలక్ట్రోస్పిన్నింగ్ చేసి, అంటే ద్రావణాన్ని ఎక్కువ వోల్టేజీతో సూది నుంచి లాగి, సన్నటి దారాల షీట్లు తయారుచేసేది. ఆ పాలిమర్‌లో అణువుల గొలుసులు ఒక పద్ధతిలో సర్దుకుంటే, అంటే బీటా ఫేజ్‌లో ఉంటే, నొక్కినప్పుడు విద్యుత్తు పుడుతుంది. దీన్నే పీజో గుణం అంటారు. ఇంకో యూనివర్సిటీలో మెకానికల్ వాళ్లు ఆ షీట్లతో ఒత్తిడిని పసిగట్టే సెన్సర్లు చేసేవాళ్లు. రెండు ల్యాబుల మధ్య మాటలు అటూ ఇటూ చేరవేసే పని నాది.

మొదటి విడత షీట్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. రెండో విడతవి వచ్చాక వోల్టేజీ సగానికి సగం పడిపోయింది. పాకెట్ మీద బ్యాచ్ నంబరు, తేదీ, పక్కన "న్యూ" అని పెన్నుతో రాసి ఉంది. అంతే. ఏం కొత్త? ద్రావకమా, సూదా, దూరమా? రెండు పక్కలా ప్రొఫెసర్లు ఒకరినొకరు పల్లెత్తు మాట అనలేదు. ఫోన్లు మాత్రం తగ్గాయి.

ముడి విప్పింది పరీక్షలు చేసే ల్యాబ్‌లోని టెక్నికల్ ఆఫీసర్. ఆయనకి పీహెచ్‌డీ లేదు, ఏ పేపర్ మీదా అంతవరకు పేరు లేదు. ఆయన రెండు ప్రశ్నలు వేశారు. షీట్ చేసిన రోజు గదిలో తేమ ఎంత అన్నది మొదటిది. ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో గాలి తేమ మారితే దారాల పైభాగం నునుపు మారుతుంది, వాటిలో చిన్న చిన్న రంధ్రాలు కూడా పడొచ్చు. రెండో ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. ఇదే మందంలో, పీజో గుణం అసలు లేని ఏదైనా మామూలు ప్లాస్టిక్ షీట్‌ని ఈ మెషీన్ కింద పెట్టి తట్టి చూశారా అని అడిగారు.

చూడలేదు. అప్పటికప్పుడు ఒక పాలీప్రొపిలీన్ షీట్ కత్తిరించి, అవే ఎలక్ట్రోడ్లు అతికించి, అదే బలంతో, అదే లయలో తట్టారు. ఓసిలోస్కోప్ తెర మీద గీత పైకి లేచింది. మొదటి విడత షీట్లు ఇచ్చినంత ఎత్తుకి కాదు, కానీ అందులో చాలా భాగానికి. ఆ గదిలో కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. అంటే మేము ఇన్నాళ్లూ పీజో అనుకున్న వోల్టేజీలో పెద్ద వాటా రెండు తలాలు తాకి విడిపోయేటప్పుడు పుట్టే రాపిడి విద్యుత్తు. దారాల గరుకుదనం మారినప్పుడు అది మారింది. రెండో విడతలో పాలిమర్ చెడిపోలేదు. అంతకుముందు బాగున్నదనుకున్నదే సరిగ్గా అర్థం కాలేదు.

ఈ రంగంలో ఈ చిక్కు అందరికీ తెలిసినదే. పీజో నానోజెనరేటర్ల (కదలిక నుంచి విద్యుత్తు పుట్టించే చిన్న పరికరాల) పేపర్లలో రాపిడి విద్యుత్తు కలిసిపోవడం గురించి చాలామంది హెచ్చరించారు. కానీ తెలిసి ఉండడం వేరు, ఒక సాయంత్రం మెషీన్ పక్కన నిలబడి "మామూలు షీట్ పెట్టి చూద్దాం" అనే మనిషి ఉండడం వేరు.

పాకెట్ మీద రాయనిది

అప్పటి నుంచి నాకు ఒక పట్టుదల. శాంపిల్‌తో పాటు దాని చరిత్ర కూడా వెళ్లాలి. ఏ ద్రావకం, ఏ బ్యాచ్ ముడిసరుకు, ఎంత వేడి, ఎంతసేపు, తేమ ఎంత, ఎన్నాళ్లు ఏ పెట్టెలో ఉంది, ఎవరు చేశారు. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కాదని చెప్పడానికి నిటినాల్ ఉదాహరణ చాలు.

నికెల్, టైటానియం దాదాపు సమానంగా కలిపితే వచ్చే ఈ లోహం వంచినా వేడి తగలగానే పాత ఆకారానికి వచ్చేస్తుంది. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్ల దాకా వెళ్లింది. ఎంత ఉష్ణోగ్రత దగ్గర అది ఆకారం మార్చుకుంటుందన్నది నికెల్ వాటా మీద ఆధారపడుతుంది. సగానికి కాస్త పైన నికెల్ 0.1 అటామిక్ శాతం పెరిగితే ఆ ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు కిందికి జారిపోతుంది. అంటే వెయ్యి అణువుల్లో ఒకటి మారితే, ఒంట్లో వేడికి తెరుచుకోవాల్సింది గదిలోనే తెరుచుకుంటుంది. ఆపైన ఏ వేడి దగ్గర ఎంతసేపు అనీల్ చేశారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఇలాంటి తీగని "నిటినాల్, 0.5 మిల్లీమీటర్లు" అని మాత్రమే రాసి ఇంకో ల్యాబ్‌కి పంపితే, ఆ ల్యాబ్ చేసే కొలత ఆ తీగకి తప్ప ఇంక దేనికీ పనికిరాదు.

స్మార్ట్ మెటీరియల్స్ అన్నిటికీ ఇదే గుణం. వాటికి ఆ పేరు వచ్చిందే చుట్టూ ఉన్న వేడికి, తేమకి, వోల్టేజీకి, ఒత్తిడికి స్పందిస్తాయని. మరి దారిలో తగిలిన వేడికీ తేమకీ కూడా స్పందిస్తాయి కదా. మామూలు ఉక్కు ముక్కని పంపినట్టు వీటిని పంపలేం.

అందుకే ఉమ్మడి కేంద్రం డేటాబేస్ అంటే ముందు ఫలితాల డేటాబేస్ గుర్తుకు రావడం నాకు నచ్చదు. ముందు కావాల్సింది శాంపిళ్ల చిట్టా. పని చేయని శాంపిళ్లవి కూడా అందులో ఉండాలి. నిజానికి పని చేయనివాటి చరిత్రే ఎక్కువ విలువైనది, ఎందుకంటే అది ఏ పేపర్‌లోకీ ఎక్కదు. రాయడానికి బద్ధకం ఉంటుంది, నాకు తెలుసు. రాత్రి పదింటికి ఫర్నేస్ ఆపి ఇంటికి వెళ్లే విద్యార్థిని ఇరవై గడులు నింపమంటే నింపడు. ఆరు గడులు పెట్టండి, నింపుతాడు.

మెషీన్ దగ్గర మనిషి

1985 సెప్టెంబరులో సి60 (అరవై కార్బన్ అణువులు బంతిలా అమరిన పదార్థం) బయటపడిన కథ అందరూ చదివిందే. బ్రిటన్‌లోని సస్సెక్స్ యూనివర్సిటీ నుంచి క్రోటో, అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో స్మాలీ, కర్ల్. నక్షత్రాల దగ్గర పొడవాటి కార్బన్ గొలుసులు ఎలా ఏర్పడతాయో క్రోటోకి కావాలి. అందుకు పనికొచ్చే లేజర్ మెషీన్ స్మాలీ దగ్గర ఉంది. ఇద్దరినీ కలిపింది కర్ల్. రెండు దేశాల యూనివర్సిటీలు, ఒక మెషీన్, పెద్ద ఆవిష్కరణ, 1996లో ముగ్గురికీ నోబెల్. ఉమ్మడి పరిశోధన గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్లకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

నాకు ఆ కథలో ముఖ్యం అనిపించే ముక్క వేరు. అలాంటి మెషీన్‌తోనే ఎక్సాన్ అనే చమురు కంపెనీ పరిశోధకులు అంతకు ముందు ఏడాదే కార్బన్ గుంపులను చూశారు. వాళ్ల గ్రాఫులోనూ 60 అణువుల గుంపు దగ్గర ఒక గీత ఉంది, మిగతావాటి మధ్య కాస్త ఎత్తుగా. రైస్‌లో ఆ గీత అన్నిటినీ మించి పైకి లేచేదాకా హీలియం ఒత్తిడినీ మిగతా షరతులనూ మార్చుకుంటూ పోయింది మెషీన్ నడిపే విద్యార్థులు, జిమ్ హీత్, షాన్ ఓబ్రయన్ లాంటివాళ్లు. ఆ గీత ఒంటరిగా, అంత ఎత్తున నిలబడ్డాకే అది ఫుట్‌బాల్ ఆకారంలో మూసుకున్న గూడు అయి ఉండాలన్న ఆలోచనకి బలం వచ్చింది. పేపర్‌లో వాళ్ల పేర్లు ఉన్నాయి. నోబెల్ ముగ్గురికి మించి ఇవ్వరు.

యూనివర్సిటీల్లో ఆ స్థానంలో ఇప్పుడు ఎవరున్నారు? చాలాచోట్ల ఎవరూ లేరు. పెద్ద ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కొనడానికి డబ్బు దొరుకుతుంది, ఎందుకంటే అది ఒకసారి పెట్టే ఖర్చు, ఫొటోకి బాగుంటుంది. దాన్ని నడిపే మనిషికి జీతం ఏటా ఇవ్వాలి, అది ప్రాజెక్టుతో మొదలై ప్రాజెక్టుతోనే అయిపోతుంది. మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఒక్కటే ఏటా కొన్న ధరలో పదో వంతు వరకు తినొచ్చు. మూడేళ్లకి ఆపరేటర్ వేరే ఉద్యోగం చూసుకుంటాడు. తర్వాత ఏ పీహెచ్‌డీ విద్యార్థికో ఆ బాధ్యత అంటగడతారు. అతనికి మెషీన్ పట్టుబడేసరికి థీసిస్ ఇచ్చి వెళ్లిపోతాడు. వాక్యూమ్ ఎందుకు పడిపోతోందో చెప్పగలిగినవాడు ఆ భవనంలో ఉండడు. బయటి యూనివర్సిటీ నుంచి శాంపిల్ పట్టుకుని వచ్చిన అమ్మాయికి "ఈ నెల స్లాట్ లేదు" అన్న జవాబు వస్తుంది.

సాధ్యం కాదని కాదు. కార్నెల్ యూనివర్సిటీలో 1977లోనే బయటివాళ్లు వచ్చి వాడుకునేలా జాతీయ సబ్‌మైక్రాన్ (మైక్రాన్ కన్నా చిన్నవాటి) ఫెసిలిటీ పెట్టారు. అమెరికాలో 2015లో 16 కేంద్రాల నెట్‌వర్క్ ఆ దారిలోనే మొదలైంది, చిన్న కాలేజీల వాళ్లూ, కంపెనీల వాళ్లూ వెళ్లి పని చేసుకునేలా. అలాంటి చోట్ల అసలు ఆస్తి దుమ్ము చొరబడని క్లీన్ రూమ్ కాదు, అందులో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాళ్లకి నేర్పించే స్టాఫ్. పరికరం పాతబడుతుంది. పరికరం తెలిసిన మనిషి ఏడాది ఏడాదికీ ఇంకా పనికొస్తాడు. కాబట్టి ఆ ప్రపోజల్‌లోని పరికరాల జాబితాలో చివరి మూడు పరికరాల్లో ఒకదాన్ని కొట్టేసి, ఆ డబ్బుతో ఇద్దరు టెక్నికల్ స్టాఫ్‌ని పదేళ్లకి పెట్టుకోండి అని రాశాను. వాళ్లకి ప్రమోషన్లు ఉండాలి, కాన్ఫరెన్సులకి పంపాలి. ఏ యూనివర్సిటీ శాంపిల్ అయినా ముందు వాళ్ల చేతి మీదుగానే వెళ్లాలి.

పేరు ఎవరికి

ఇక్కడే నాకూ ఒక అనుమానం ఉంది. శాంపిళ్లు తిప్పండి, పంచుకోండి అని చెప్పడం నోటికి తేలిక. ఆచరణలో పెద్ద యూనివర్సిటీ, చిన్న యూనివర్సిటీ కలిసినప్పుడు చిన్నది శాంపిళ్లు సప్లై చేసే చోటుగా మిగిలిపోతుంది. మైక్రోస్కోప్ ఉన్నవాళ్లకి బొమ్మ దొరుకుతుంది, బొమ్మ ఉన్నవాళ్లు పేపర్ రాస్తారు, పదార్థం చేసినవాళ్లకి చివర్లో కృతజ్ఞతలు దక్కుతాయి. నేను చెప్పే పద్ధతి ఆ అన్యాయాన్ని ఇంకా సాఫీ చేస్తుందేమో అని ఒక స్నేహితురాలు అడిగింది. ఆమెది చిన్న కాలేజీ. ఆమె మాటని పక్కన పెట్టలేను.

దీనికి ఎదురు ఉదాహరణ జపాన్‌లోని త్సుకుబాలో ఉంది. నిమ్స్ అనే సంస్థలో తకాషి తనిగుచి, కెంజి వతనబే బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలు పెంచుతారు. పెద్ద హైడ్రాలిక్ ప్రెస్‌లో వాతావరణ పీడనానికి సుమారు 40,000 రెట్లు ఒత్తిడి, 1,500 డిగ్రీల పైన వేడి. గ్రాఫీన్‌ని మామూలు సిలికా మీద పెడితే దాని గరుకుదనం, చార్జీలు ఎలక్ట్రాన్ల దారికి అడ్డుపడతాయి. ఈ స్ఫటికం నుంచి ఒలిచిన పొర మీద పెడితే ఎలక్ట్రాన్లు చాలా స్వేచ్ఛగా పరుగెడతాయని 2010లో కొలంబియా యూనివర్సిటీ బృందం చూపించింది. ఆ తర్వాత ప్రపంచంలో గ్రాఫీన్ మీద సీరియస్‌గా పని చేసే ల్యాబులన్నీ త్సుకుబా వైపు చూశాయి. వాళ్లిద్దరూ అడిగినవాళ్లకి స్ఫటికాలు పంపిస్తూ వచ్చారు, వందల పేపర్లలో సహ రచయితలయ్యారు. పదార్థం చేసినవాళ్లకి దక్కాల్సిన స్థానం దక్కిన అరుదైన సందర్భం ఇది.

కానీ దాన్ని నమూనాగా తీసుకుంటే వచ్చే ఇబ్బంది కూడా చూడాలి. ఒక రంగమంతా ఒక ప్రెస్ మీద, ఇద్దరు మనుషుల మీద ఆధారపడితే, ఆ ఇద్దరూ రిటైరయ్యాక ఏమిటి? అదీగాక, వాళ్ల స్ఫటికం అంత ప్రత్యేకం కాబట్టి వాళ్లకి బేరమాడే బలం ఉంది. మామూలు జింక్ ఆక్సైడ్ రేణువులు చేసే ల్యాబ్‌కి ఆ బలం లేదు. కాబట్టి మంచితనం మీద వదిలేయకూడదు, ముందే రాసుకోవాలి. ఎవరు పదార్థం చేశారు, ఎవరు కొలిచారు, ఎవరు విశ్లేషించారు అని 14 రకాల పాత్రలు విడదీసి చెప్పే క్రెడిట్ పద్ధతి 2022లో అమెరికాలో అధికారిక ప్రమాణమైంది. చాలా జర్నళ్లు అడుగుతున్నాయి కూడా. మొదటి శాంపిల్ పోస్టులో వేసేముందే ఆ పాత్రలు ఎవరెవరివో ఒక పేజీ మీద రాసి సంతకాలు పెట్టుకుంటే, తర్వాత మనసులు విరిగిపోవు. పరీక్షలు చేసే ల్యాబ్ ఇన్‌చార్జి పేరు కూడా ఆ పేజీలో ఉండాలి.

పేటెంట్ల భయం గురించి ఎక్కువ చెప్పను. ఆ భయంతో యూనివర్సిటీల లీగల్ సెల్స్ నెలల తరబడి ఒప్పందాన్ని నలుపుతాయి, ఆ లోపు శాంపిల్ ఆక్సిడైజ్ అయిపోతుంది. జీవశాస్త్రం వాళ్లు 1995లోనే యూనివర్సిటీల మధ్య జీవ పదార్థాల మార్పిడికి ఒక ఉమ్మడి ఒప్పంద పత్రం తయారుచేసుకున్నారు. చేరిన సంస్థలు ప్రతిసారీ మొదటి నుంచి రాసుకోకుండా, ఒక పేజీ ఉత్తరంతో పని కానిస్తాయి. మనమూ అలాంటిది ఒకటి రాసుకుంటే సరిపోతుంది.

పీహెచ్‌డీ విద్యార్థుల సంగతి దీనికన్నా కష్టం. రౌండ్ రాబిన్‌లో ఆరు నెలలు పెట్టిన విద్యార్థికి దాని నుంచి ఫస్ట్ ఆథర్ పేపర్ రాకపోవచ్చు. కొలతల తేడా మీద రాసినదాన్ని పెద్ద జర్నళ్లు తీసుకోవు. ఆ టెన్షన్ నిజమైనది, ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంటుంది. గైడ్లే ఆ భారం మోయాలి. థీసిస్‌లో ఒక అధ్యాయం పూర్తిగా కొలతల విశ్వసనీయత మీద ఉన్నా దాన్ని పరిశోధనగానే లెక్కించాలని చేరిన యూనివర్సిటీలన్నీ ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాయా అంటే, అన్నీ ఒప్పుకోవు. ఒప్పుకోని యూనివర్సిటీని మొదటి ఏడాది కలుపుకోకపోవడమే మేలని నా అభిప్రాయం, అది ఎంత పేరున్నదైనా సరే.

మరి అనుకోకుండా దొరికేవి?

నా వాదన విన్న ఒక పెద్దాయన సూటిగా అడిగారు. "ఇన్ని కాగితాలు, ఇన్ని ప్రమాణాలు పెడితే కొత్తది ఎక్కడ దొరుకుతుందయ్యా? నిటినాల్ ఎలా దొరికిందో తెలుసుగా?" అన్నారు.

తెలుసు. అమెరికా నావల్ ఆర్డ్‌నెన్స్ ల్యాబ్‌లో విలియం బ్యూలర్ ఆ లోహం మీద 1959 నుంచి పని చేస్తున్నాడు. 1961లో ఒక మీటింగులో అది ఎన్నిసార్లు వంచినా విరగదని చూపించడానికి మడతలు పెట్టిన ఒక పట్టీని చేతులు మార్చుకుంటూ చూశారు. డేవిడ్ మజీ అనే అధికారి తన పైప్ లైటర్‌తో దాన్ని వేడి చేశాడు. పట్టీ మడతలు విప్పుకుని సాగిపోయింది. ఏ ప్రొటోకాల్‌లోనూ లైటర్ అని రాసి లేదు. పెద్దాయన చెప్పింది నిజమే, ఆ లైటర్‌కి చోటు లేని ల్యాబ్ నాకూ అక్కర్లేదు.

అయితే లైటర్ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. బ్యూలర్ లోహాలు కరిగించే మనిషి. ఆకారం ఎందుకు తిరిగి వస్తోందో తేల్చడానికి స్ఫటిక నిర్మాణం తెలిసిన ఫ్రెడరిక్ వాంగ్ 1962లో వచ్చి చేరాడు. అణువుల వరుసలు మారే తీరు ఇద్దరూ కలిసి పని చేశాకే అర్థమైంది. అలాంటిది కుదరాలంటే ఎక్స్‌రే కింద పెట్టిన ముద్ద ఏదో, దాని కూర్పు ఏమిటో తెలిసి ఉండాలి. ఇద్దరూ ఒకే సంస్థలో ఉండడం వాళ్లకి కలిసొచ్చింది. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లకి ఆ సౌకర్యం లేదు. నడిచి వెళ్లి అడగలేనిదంతా శాంపిల్ వెంట రాసి పంపాల్సిందే. అనుకోకుండా దొరికినది నిజంగా కొత్తదో, గది తేమ వల్ల వచ్చినదో తేల్చుకోవడానికి కూడా ఆ రాత కావాలి. ప్రమాణాలు లేనిచోట అన్నీ ఆశ్చర్యాలే, వాటిలో ఏది నిజమో తెలియదు.

ఆ పెద్దాయనతో ఒక విషయంలో మాత్రం పూర్తిగా ఒప్పుకున్నాను. ఉమ్మడి పద్ధతి కొలతలకే ఉండాలి, ప్రశ్నలకు ఉండకూడదు. కేంద్రం డైరెక్టర్ కూర్చుని ఈ ఏడాది అందరూ ఫలానా పదార్థం మీదే పని చేయాలి అంటే నేను ఆ కేంద్రంలో ఒక్క రోజు కూడా ఉండను. అందుకే ప్రపోజల్‌లో థీమ్‌ల బొమ్మ ఉన్న పేజీ మొత్తం తీసేయమని రాశాను.

దాని స్థానంలో మొదటి ఆరు నెలల పని ఇలా ఉండాలని సూచించాను. తలపెట్టిన యూనివర్సిటీలన్నిటికీ బజారులో దొరికే, పోలింగ్ చేసిన (బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచి పీజో గుణం తెప్పించిన) పీవీడీఎఫ్ పొర ఒకే రోలు నుంచి కత్తిరించి పంపాలి. దాని డీ33 (నొక్కితే ఎంత చార్జీ పుడుతుందో చెప్పే అంకె) సాధారణంగా మైనస్ 20 నుంచి మైనస్ 30 పికోకూలంబ్ పర్ న్యూటన్ మధ్య ఎక్కడో ఉంటుంది, అందులో కొత్తేమీ లేదు. ప్రతి ల్యాబ్ తన దగ్గరున్న మెషీన్‌తో, తన పద్ధతిలో కొలిచి, పక్కన పీజో గుణం లేని షీట్‌ని కూడా కొలిచి, రెండు అంకెలూ మూసిన కవరులో పంపాలి. అందరూ ఒక గదిలో కూర్చుని కవర్లు విప్పాలి. ఆ రోజు ప్రొఫెసర్లు రాకపోయినా పర్వాలేదు, మెషీన్ నడిపేవాళ్లు మాత్రం తప్పకుండా రావాలి, వాళ్ల ప్రయాణ ఖర్చులు బడ్జెట్లో మొదటి పద్దుగా వేయాలి. ప్రపోజల్ వాళ్లు నా సూచనలు ఇంకా చూస్తున్నామన్నారు. భవనం ప్లాను మాత్రం అప్పటికే ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లిందట. టెక్నికల్ స్టాఫ్ పోస్టుల గురించి అడిగితే, వాటిని రెండో దశలో పెడదామనుకుంటున్నామని చెప్పారు. మొదటి దశలోకి తెమ్మని మళ్లీ రాశాను.